రాగి మాల్టు నుంచి రాగి బీరు దాకా: తూర్పు బెంగళూరులో ఒక గింజ కథ

మా ఇంట్లో తాగేవాళ్ళు లేరు. పెళ్ళి సంబంధాలు మాట్లాడేటప్పుడు మా పెద్దవాళ్ళు మొదట చెప్పే మాట ఇదే. పొలం ఎంత, ఇల్లు ఎక్కడ అన్నవి ఆ తర్వాత వచ్చేవి. అలాంటి ఇంట్లో నుంచి ఒక పిల్లవాడు బీరు కాచే పనిలో చేరాడు. పెద్దమ్మ మనవడు. ఫుడ్ టెక్నాలజీ చదివి, వైట్‌ఫీల్డ్ వైపు ఒక బ్రూపబ్బులో ఉద్యోగం తెచ్చుకున్నాడు. సంగతి తెలిసి ఇంట్లో నెల రోజులు సరిగ్గా మాటలు లేవు. అతను చేస్తున్నది ఏమిటో తెలుసుకోకుండా తిట్టడం న్యాయం కాదని మాలో కొందరం అనుకున్నాం. అలా అటు వెళ్ళాం, చూశాం, కొంచెం రుచి కూడా చూశాం. ఆ వెళ్ళిరావడం వల్ల ఇంటి పాత విషయాలు చాలా తవ్వుకోవాల్సి వచ్చింది. అవన్నీ ఒకచోట రాసిపెడుతున్నాం.

మా చేలల్లో రాగి

మేము ఈ నేలకి ఎప్పుడు వచ్చామో కచ్చితంగా చెప్పే కాగితం మా దగ్గర లేదు. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడ, పేటలో తమిళం, ఉర్దూ. అదే మాకు తెలిసిన బెంగళూరు. ఇక్కడ తెలుగు కొత్తగా వచ్చిన భాష కాదు. ఊరు కట్టించిన కెంపేగౌడ పేరుమీదే తెలుగులో ‘గంగాగౌరీ విలాసం’ అనే యక్షగానం ఉంది. ఊరికి తూర్పున వర్తూరు, హూడి, కుందలహళ్ళి చుట్టుపక్కల పల్లెల్లో తెలుగు మాట్లాడే వ్యవసాయదారుల ఇళ్ళు తరతరాలుగా ఉన్నాయి.

చెరువు కింద వరి, మిగతా మెట్ట నేలంతా రాగి. వానలు పడగానే విత్తడం, సాళ్ళ మధ్య అనప, ఆముదం వేసుకోవడం, కార్తీకం దాటాక కోత, కళ్ళంలో నూర్పిడి. అనపకాయలొస్తే పితికిపప్పు పులుసు, దాంట్లోకి రాగిముద్ద. పొద్దున అంబలి, మధ్యాహ్నం ముద్ద, రాత్రి మళ్ళీ ముద్ద. పండగకే వరి అన్నం. రాగి పండినప్పుడు పాతరలో పోసి మూత పెట్టేవాళ్ళు. పురుగు పట్టదు, ఏళ్ళ తరబడి నిలవుంటుంది. కరువొస్తే పాతర తీసేవాళ్ళు. కనకదాసు కన్నడంలో రాసిన ‘రామధాన్య చరితె’లో వరికీ రాగికీ పోటీ వస్తుంది. రెండిటినీ ఆరు నెలలు బంధిస్తే వరి డీలాపడిపోతుంది, రాగి నిక్షేపంగా ఉంటుంది, రాముడు రాగినే మెచ్చుకుంటాడు. పాతర తీసి చూసిన ఏ రైతుకైనా ఆ తీర్పు సబబే అనిపిస్తుంది.

తెలుగువాళ్ళకి ఈ గింజకి పేర్లు కూడా చాలా. మేము రాగులంటాం, ఉత్తరాంధ్రవాళ్ళు చోళ్ళంటారు, తెలంగాణలో తైదలంటారు. గింజ మాత్రం మొదట మన దేశానిది కాదు. వేల ఏళ్ళ కిందట తూర్పు ఆఫ్రికా ఎత్తు ప్రాంతాల్లో సాగు మొదలై, సముద్రం దాటి ఇక్కడికి చేరింది. తర్వాత ఈ రెండు చోట్ల రకాలనీ మళ్ళీ కలిపినవారు కర్ణాటకలోనే ఉన్నారు. మండ్య దగ్గర పరిశోధన చేసి ‘రాగి లక్ష్మణయ్య’ అని పేరు తెచ్చుకున్న శాస్త్రవేత్త ఆఫ్రికా రాగినీ మన రాగినీ సంకరం చేసి ‘ఇండాఫ్’ రకాలు తయారుచేశారు. ఇండియా, ఆఫ్రికా కలిస్తే ఇండాఫ్. ఆ విత్తనం వచ్చాక దిగుబడి పెరిగిందని మా నాయనవాళ్ళు చెప్పుకునేవాళ్ళు.

కంటోన్మెంటు బీరు

బీరు బెంగళూరుకి దండుతో వచ్చింది. 1799లో శ్రీరంగపట్టణం పడిపోయాక ఇంగ్లీషు సైన్యం కొన్నాళ్ళు అక్కడే ఉంది. దోమలు, జ్వరాలు తట్టుకోలేక 1809లో బెంగళూరు వచ్చి కంటోన్మెంటు కట్టుకుంది. సిపాయిలతోపాటు వాళ్ళ తిండి, తాగుడు కూడా వచ్చాయి. మొదట్లో బీరు పీపాల్లో ఓడ మీద రావాల్సిందే. తర్వాత చల్లగా ఉండే నీలగిరుల్లో, బెంగళూరులో బ్రూవరీలు మొదలయ్యాయి. 1915లో థామస్ లీష్మన్ అనే స్కాట్లండ్ ఆయన దక్షిణాదిలోని ఐదు బ్రూవరీలని కలిపి యునైటెడ్ బ్రూవరీస్ పెట్టాడు. వాటిలో పాతది క్యాసిల్ బ్రూవరీ, 1857 నాటిది. స్వాతంత్ర్యం వచ్చిన ఏడాదే విఠల్ మల్యా ఆ కంపెనీలో డైరెక్టరయ్యారు. పాత బ్రూవరీ ఉన్న చోటే ఇప్పుడు యూబీ సిటీ అద్దాల మేడలు ఉన్నాయి.

మా పల్లెలకి ఆ బీరు రాలేదు. దండుకి కూరగాయలు, గడ్డి, పాలు బండ్ల మీద తోలిన మనవాళ్ళు ఖాళీ సీసాలు చూసి ఉంటారు, అంతే. 1882లో యూరేషియన్, ఆంగ్లో ఇండియన్ కుటుంబాల కోసం మైసూరు మహారాజు చామరాజ ఒడెయరు 3,900 ఎకరాలు ఇచ్చారు. డేవిడ్ వైట్ అనే ఆయన పేరుమీద అది వైట్‌ఫీల్డ్ అయింది. ఆ బంగళాల్లో ఎవరేం తాగినా, చుట్టూ ఉన్న రాగిచేలవాళ్ళకి సంబంధం లేదు. బీరు దొరల సరుకు, బార్లీ గింజ ఎలా ఉంటుందో మనవాళ్ళకి తెలీదు.

మా ఇల్లు భయపడింది దేనికి

మరి ‘మా ఇంట్లో తాగరు’ అనే మాట ఎక్కడ నుంచి వచ్చింది? మాలో చిన్నవాళ్ళు ఇన్నాళ్ళూ అది మడి, ఆచారం అనుకున్నారు. పెద్దమ్మని కూర్చోబెట్టి అడిగితే వేరే సంగతి బయటపడింది.

ఈతకల్లు ఊళ్ళో ఎప్పుడూ ఉండేదట. గీసేవాళ్ళు ఎవరో, తాగేవాళ్ళు ఎవరో అందరికీ తెలుసు. కోతల రోజుల్లో కూలివాళ్ళు తాగేవాళ్ళు, జాతరలో తాగేవాళ్ళు. దాన్ని ఎవరూ గొప్ప అనలేదు, ఊరు మునిగిపోయిందనీ అనలేదు. పెద్దమ్మ నోట ‘పాడుకొంప’ అన్న మాట వచ్చింది సారా అంగడి గురించి. కల్లు గీసే హక్కు, సారా అమ్మే హక్కు సర్కారు వేలం పాటలో ఇచ్చేది. పాట పాడినవాడు కట్టిన డబ్బు రాబట్టుకోవాలి కదా, అందుకని అప్పు మీద పోసేవాడు. లెక్క గోడమీద బొగ్గుగీతలు. తాగినవాడికి ఎన్ని గీతలో గుర్తుండదు. మా ముత్తాత తమ్ముడు ఇలాగే రెండెకరాల మెట్ట పోగొట్టుకున్నాడు. ఆయన భార్య పిల్లల్ని తీసుకుని పుట్టింటికి పోయింది, మళ్ళీ రాలేదు. పెద్దమ్మ కోడలిగా వచ్చినప్పుడు ఆమె అత్తగారు మొదట చూపించింది దేవుడి గూడు, రెండోది ఆ రెండెకరాల గట్టు. “అదిగో, అది మనది. తాగి పోయింది” అని.

ఇది ఒక్క ఇంటి కథ కాదు. 1937లో రాజాజీ ప్రభుత్వం మద్రాసు రాష్ట్రంలో మొదట సేలం జిల్లాలో మద్యనిషేధం పెట్టింది, మరుసటి ఏడాది చిత్తూరు, కడప జిల్లాలకి విస్తరించింది. మా చిత్తూరు చుట్టాలు ఆ రోజుల గురించి చెప్పేవాళ్ళు. 1981 జూలైలో బెంగళూరులో విషపు సారా తాగి 300 మందికి పైగా చనిపోయారు. అప్పుడు పెద్దమ్మకి ముప్ఫై అయిదేళ్ళు. మా పక్క పల్లెలో కూడా ఏడుపులు వినబడ్డాయని ఆమె చెప్పింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్ళు సారా అంగడి మూయించారు. ఆ పోరాటం ఆంధ్రప్రదేశ్ అంతా పాకి, 1993లో సారా నిషేధం దాకా, 1995 జనవరిలో పూర్తి మద్యనిషేధం దాకా వెళ్ళింది. రెండేళ్ళకే పూర్తి నిషేధం ఎత్తేశారనుకోండి, సారా మాత్రం తిరిగి రాలేదు. కర్ణాటకలో సారా అమ్మకం 2007 జూలై 1 నుంచి ఆగిపోయింది.

ఇవన్నీ విన్నాక మాకు అర్థమైంది ఏమిటంటే, మా ఇంటి ఆడవాళ్ళు పోరాడింది అప్పుపుస్తకంతో. కూలి డబ్బు ఇంటికి చేరకముందే అంగడికి పోవడంతో. ‘తాగరు’ అనే మాట వాళ్ళు కట్టుకున్న గోడ. దాని వెనక రెండెకరాల నేల ఉంది, పుట్టింటికి పోయిన ఒక మనిషి ఉంది. ఆ గోడని పాతకాలపు ఛాదస్తం అని తీసిపారేసే హక్కు మాకు లేదు.

మొలక, మూట, మాల్టు

ఇక మేము బ్రూపబ్బుకి వెళ్ళిన సంగతి. బెంగళూరులో అక్కడే కాచి అక్కడే పోసే బీరు దుకాణాలు 2010 తర్వాత పెరిగాయి. ఇప్పుడు తూర్పు వైపు చాలానే ఉన్నాయి. 1990ల్లో ఐటీ పార్కు వచ్చాక చేలు సైట్లయ్యాయి, సైట్లు మేడలయ్యాయి, మేడల కింద ఇవి వచ్చాయి. మేము వెళ్ళింది మంగళవారం మధ్యాహ్నం, జనం లేని వేళ. ఐదుగురం. పెద్దమ్మ కూడా వస్తానంది. “తిట్టాలన్నా చూసే తిట్టాలి” అని ఆమే అంది.

పిల్లవాడు లోపలికి తీసుకెళ్ళి గింజల సంచులు చూపించాడు. బార్లీ మాల్టు, గోధుమ మాల్టు, మూడో సంచిలో రాగి. పెద్దమ్మ చెయ్యి పెట్టి కొన్ని గింజలు తీసి నోట్లో వేసుకుంది. నమిలింది.

“రేయ్, ఇది మొలకెత్తించిన రాగి కదరా. బిడ్డలకి పెట్టే పిండి.”

“అవునవ్వా. నువ్వు మాకు పెట్టిందే. దీన్నే మాల్టు అంటారు.”

“మాల్టు అంటే డబ్బాలో వచ్చేదనుకున్నానే.”

అక్కడ నుంచి పిల్లవాడు చెప్పింది మాకు పాఠంలా ఉంది. గింజ నానబెడితే మొలక రావడానికి సిద్ధమవుతుంది. మొలకకి తిండి కావాలి, కానీ గింజలో ఉన్నది పిండిపదార్థం. దాన్ని చక్కెరగా విడగొట్టే ఎంజైములు మొలకెత్తేటప్పుడే గింజలో తయారవుతాయి. సరిగ్గా ఆ సమయంలో గింజని ఆరబెట్టేస్తే మొలక ఆగిపోతుంది, ఎంజైములు మిగులుతాయి. అదే మాల్టు. దాన్ని నలగ్గొట్టి దాదాపు 65 డిగ్రీల వేడినీళ్ళలో గంటసేపు ఉంచితే పిండి తీపినీళ్ళవుతుంది. ఆ నీళ్ళు వడగట్టి, చేదు కోసం హాప్స్ అనే తీగపూలు వేసి మరిగిస్తారు. చల్లార్చి ఈస్టు కలిపితే, అది తీపిని తిని ఆల్కహాలునీ గ్యాసునీ ఇస్తుంది.

పసిబిడ్డలకి మొలకరాగి పిండే ఎందుకు పెడతారో కూడా అప్పుడే తెలిసింది. మామూలు రాగిపిండి జావ కాస్తే త్వరగా గట్టిపడుతుంది, బిడ్డ మింగలేదు. నీళ్ళు ఎక్కువ పోస్తే కడుపు నిండుతుంది కానీ సత్తువ తక్కువ. మొలకెత్తిన పిండి అయితే ఆ ఎంజైముల వల్ల జావ పలచగా ఉంటుంది, ఎక్కువ పిండి పట్టినా గొంతు దిగుతుంది. మా అవ్వలకి ఎంజైము అనే మాట తెలీదు, పని తెలుసు. చిరుధాన్యాల్లో మాల్టుకి బాగా పనికొచ్చేది రాగే. బీరు పనిలో మాత్రం ఒక చిక్కుంది. బార్లీ పొట్టు అడుగున పరుపులా పడి వడపోతకి పనికొస్తుంది, రాగికి అలాంటి పొట్టు లేదు. వట్టి రాగి వేస్తే పిండి అడ్డుపడి నీళ్ళు దిగవు. అందుకే అక్కడ బార్లీతో కలిపి రాగి వేస్తున్నారు.

రాగిని ఇలా పులియబెట్టడం ఈ పిల్లలు కనిపెట్టింది కాదు. ఉగాండాలో రాగితో ‘మల్వా’ చేసి, కుండ చుట్టూ కూర్చుని పొడవాటి గొట్టాలతో పీలుస్తారు. తూర్పు నేపాల్, సిక్కిం వైపు పులిసిన రాగి మీద వేడినీళ్ళు పోసి వెదురుగొట్టంతో తాగే ‘తోంగ్బా’ ఉంది. ఒడిశాలో మన తెలుగువాళ్ళు కూడా ఉన్న కోరాపుట్ ప్రాంతంలో ఆదివాసులు రాగితో ‘లందా’ చేస్తారు. మన ఇళ్ళలో అంబలి రాత్రి కలిపిపెట్టి పొద్దున తాగేవాళ్ళు. అది కూడా పులుపే, మత్తు లేని పులుపు. దాన్ని మేము ఏనాడూ తప్పు అనలేదు.

రుచి

తాగని వాళ్ళం కాబట్టి చిన్న గ్లాసుల్లో మూడు రకాలు తెచ్చిపెట్టాడు. ముగ్గురం రుచి చూశాం, కారు నడపాల్సిన వాళ్ళు ముట్టలేదు, పెద్దమ్మ వాసన మాత్రం చూసింది.

మొదటిది గోధుమ బీరు. అరటిపండు, లవంగం వాసన. అరటిపండు వేశారా అని అడిగాం. ఏమీ వెయ్యలేదట, ఆ రకం ఈస్టే పులిసేటప్పుడు ఆ వాసనలు పుట్టిస్తుందట. మాలో ఒకరికి నచ్చింది. రెండోది నల్లటిది, బాగా వేయించిన బార్లీతో చేసింది. కాఫీ డికాక్షను అడుగంటినట్టుంది. ఫిల్టరు కాఫీ అలవాటున్నవాళ్ళకి అదే సులువుగా దిగింది. ఇద్దరం ఒప్పుకున్నాం, మూడోవాళ్ళు గ్లాసు పక్కన పెట్టేశారు.

మూడోది రాగిది. చూడటానికి తేనెరంగు, కొంచెం మసక. మొదటి గుక్కలో చేదు, అది హాప్స్‌ది. చేదు పోయాక నాలుక వెనక వేయించిన రాగిపిండి కమ్మదనం, రొట్టె మాడినచోట ఉండే రుచి. నిజం చెప్పాలంటే, గొప్పగా ఉందని ఎగిరి గంతేసే రుచి కాదు. కానీ తెలిసిన రుచి. ఒక చిన్న గ్లాసు తాగగలిగాం, రెండోది అడగలేదు. బీరంటే ఒకే పసుపురంగు, ఒకే చేదు అనుకున్నవాళ్ళం, మూడు గ్లాసులు మూడు వేరే వస్తువుల్లా ఉండటం చూసి ఆశ్చర్యపోయాం. వంట తెలిసినవాళ్ళకి ఇది వంటే అని తెలిసిపోతుంది. గింజ, నీళ్ళు, వేడి, ఓపిక.

లెక్క

బిల్లు వచ్చాక పెద్దమ్మ అడిగిన మొదటి ప్రశ్న: “దీంట్లో రాగెంత?” ఇంటికొచ్చి లెక్కేశాం. మామూలు బలమున్న బీరు ఒక లీటరుకి సుమారు 200 నుంచి 250 గ్రాముల గింజ కావాలి. అంటే 330 మిల్లీలీటర్ల గ్లాసుకి ఎక్కువలో ఎక్కువ 83 గ్రాములు. 2024-25లో రాగికి కేంద్రం ప్రకటించిన మద్దతుధర క్వింటాలు 4,290 రూపాయలు, కిలో దాదాపు 43. గింజంతా రాగే అనుకున్నా గ్లాసులో రాగి విలువ సుమారు మూడున్నర రూపాయలే. మేము గ్లాసుకి కట్టింది 350. మిగతాది పన్ను, అద్దె, కరెంటు, జీతాలు, యంత్రాలు, లాభం. ఆ అద్దెలో పెద్ద వాటా ఒకప్పుడు రాగి పండిన నేలది. నేల మీద రాగి ఉన్నప్పటికంటే నేల కింద రాగి లేనప్పుడే దానికి ఎక్కువ విలువ వచ్చింది, మా వాళ్ళలో కూడా అమ్ముకున్నవాళ్ళున్నారు.

2023ని ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది, మన దేశం అడిగినదాని మీద. అప్పట్నుంచి రాగికి మళ్ళీ గౌరవం వచ్చిందంటున్నారు. ముద్ద తినేవాళ్ళని పల్లెటూరివాళ్ళని నవ్విన పట్నం ఇప్పుడు రాగి బిస్కెట్టు, రాగి దోసె, రాగి బీరు అడుగుతోంది. సంతోషమే. ఆ గౌరవం పండించినవాడి చేతికి కిలోకి ఎన్ని రూపాయలుగా చేరుతుందన్నదే మేము అడిగేది.

ఇంట్లో తేలిన మాట

పిల్లవాడి ఉద్యోగం సంగతి ఒక్క రోజులో తేలలేదు. ఇంటి మగవాళ్ళలో ఇద్దరు ఇప్పటికీ ఒప్పుకోలేదు, ఆ సంగతి కూడా ఇక్కడ రాస్తున్నాం. పెద్దమ్మ మాత్రం తన షరతు చెప్పింది. “వాడు గింజ చేసే పని చేస్తున్నాడు, అది నాకు తెలిసిన పనే. తాగి పని చెయ్యకూడదు. అప్పు మీద ఎవడికీ పొయ్యకూడదు.” అప్పు మీద పోసే పద్ధతి అక్కడ లేదని పిల్లవాడు చెప్పాడు, అన్నీ కార్డులేనట. “కార్డు కూడా అప్పే కదరా” అంది పెద్దమ్మ. దానికి మాలో ఎవరి దగ్గరా జవాబు లేకపోయింది.

బీరు తాగమని ఎవరికీ చెప్పడం లేదు. మేమూ అలవాటు చేసుకోలేదు. కానీ మాల్టు చేయడం మన ఇళ్ళలో పోతోంది, డబ్బా కొనుక్కుంటున్నాం. పెద్దమ్మ చెప్పినట్టే ఇక్కడ రాసిపెడుతున్నాం, పసిబిడ్డలున్న ఇళ్ళకి పనికొస్తుంది.

రాగులు రాళ్ళు లేకుండా గాలించి, రెండు మూడుసార్లు కడగాలి. రాత్రంతా నానబెట్టి, పొద్దున నీళ్ళు పూర్తిగా వంపెయ్యాలి. తడి పాతచీర గుడ్డలో మూటకట్టి నీడన పెట్టాలి, గుడ్డ ఆరితే నీళ్ళు చిలకరించాలి. ఒకటి రెండు రోజుల్లో తెల్లటి మొలకలు కనబడతాయి. మొలక గింజంత పొడవు దాటనివ్వకూడదు, పులిసిన వాసనగానీ బూజుగానీ వస్తే పారెయ్యాలి. పలచగా పరిచి ఎండలో గలగలలాడేలా ఎండబెట్టి, చేత్తో నలిపి మొలకలు చెరిగెయ్యాలి. సన్నసెగ మీద వాసన వచ్చేదాకా మాత్రమే వేయించాలి. మాడితే పిండి పలచబడే గుణం పోతుంది. విసిరి, పలచటి గుడ్డలో జల్లించాలి.

వేరే ఊళ్ళలో స్థిరపడిన మన తెలుగు ఇళ్ళలో దీన్ని ఇంకోలా చేస్తుంటే, పెద్దవాళ్ళుండగానే అడిగి రాసిపెట్టుకోండి. హోసూరు వైపు మా అత్తగారింట్లో దీంట్లో కొంచెం పెసలు కూడా మొలకెత్తించి కలుపుతారట. వచ్చే నెల అది చేసి చూస్తాం.